కొమ్ము నలుపు ఫోన్‌కి దొరికేదాకా

నల్లగా నిగనిగలాడే వస్తువుని ఫోన్‌తో ఫొటో తియ్యడం చాలా కష్టం. కంటికి కనబడేది ఒకటి, ఫోన్‌లో పడేది ఒకటి. మా పర్లాకిమిడి కొమ్ము బొమ్మల్ని ఫొటోలు తియ్యాలని పూనుకున్నాక నాకు ముందుగా అర్థమైన సంగతి ఇదే. ఆ నలుపుని పట్టుకోవాలనే పట్టుదలతోనే విస్కో అనే ఫొటో యాప్‌లో చేరాను. ముఖం చూడని మనుషుల దగ్గర చాలా నేర్చుకున్నాను. ఫొటోలంటే ఇష్టం ఉండి, చేతిలో మామూలు ఫోన్ తప్ప ఇంకేమీ లేనివాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మా ఊరు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఊరు దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో కలిసింది. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి బడిలో పాఠాలు చెప్పినవారే. ఆ ఏడాదే ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్ల మనవలం, మునిమనవలం మేము. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, బజార్లో రెండూ. నేను బజార్లోనే ఒక మందుల షాపులో పని చేస్తాను. మధ్యాహ్నం షాపు మూసి, ఎండ తగ్గాక మళ్లీ తీస్తాం. ఆ మధ్య దొరికే ఖాళీయే నా ఫొటోల టైము.

మా ఊరి కొమ్ము పనికి మంచి పేరుంది. గేదె కొమ్ముని కోసి, నిప్పు సెగ మీద కాచి, మెత్తబడగానే వంచి, ఆకురాయితో అరగదీసి కొంగలు, రొయ్యలు, చేపలు, దువ్వెనలు చేస్తారు. మన గోళ్లలో ఉండే కెరటినే కొమ్ములోనూ ఉంటుంది. అందుకే అది వేడికి లొంగుతుంది, చల్లారాక వంచిన చోటే నిలబడుతుంది. గజపతి రాజుల కాలంలో ఈ పనికి మంచి ఆదరణ ఉండేది. ఇప్పుడు చేసేవాళ్లు బాగా తగ్గిపోయారు. వాళ్లలో ఒక పెద్దాయన బీపీ మాత్రలకి మా షాపుకే వస్తారు. ఒడియా కుటుంబం, కానీ తెలుగు మాలాగే మాట్లాడతారు. వీధిలో అందరం ఆయన్ని మౌసా అంటాం, ఇంటావిడని మౌసీ అంటాం, ఒడియాలో బాబాయి, పిన్ని అన్నట్టు. "మౌసా, మీరు పని చేస్తుంటే ఫొటోలు తీసుకోనా?" అని ఒకరోజు అడిగాను. "తీసుకో బాబూ, దాన్లో ఏటుంది! ఎండ ఉన్నప్పుడే రా, నీకూ నాకూ ఇద్దరికీ వెలుతురు కావాల గదా" అన్నారు.

ఆయన పని చేసేది ఇంటి ముందు వసారాలో. పడమటి వైపు గోడ, ఉత్తరం వైపు పూర్తిగా తెరిచి ఉంటుంది. ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం రోజంతా ఒకేలా వస్తుంది. కొమ్ము పనికి ఇలాంటి చోటే కావాలని ఆయనకి ఎప్పుడో తెలుసు. ఫొటోకి కూడా ఇంతకంటే మంచి చోటు ఉండదని నాకు ఆ తరవాత తెలిసింది.

అప్పుడే పూర్తయిన కొంగ ఒకటి కింద పీట మీద ఉంది. ఒంటికాలి మీద నిలబడి, మెడ వెనక్కి వంచుకుని ఉంది. ఫోన్ పెట్టి తీశాను. ఫొటోలో కొంగ బూడిద రంగులో పడింది. వెనకాల సున్నం గోడ తెల్లగా పేలిపోయింది. ఇది ఫోన్ తప్పని కూడా అనలేం. కెమెరా లెక్క అలా ఉంటుంది. ఎదుట ఉన్నది నలుపో తెలుపో దానికి తెలియదు. మొత్తం మీద వెలుతురు సగటున మధ్యరకంగా రావాలని చూసుకుంటుంది. ఫ్రేమ్ నిండా నల్లటి వస్తువు ఉంటే, చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. దానికి తోడు ఈ రోజుల్లో ఫోన్లు ఒక్క నొక్కుకి గబగబా చాలా ఫొటోలు తీసి, అన్నీ కలిపి ఒకటి చేస్తాయి. చీకట్లో ఉన్నవి కూడా కనబడాలని నీడల్ని పైకి లేపుతాయి. పుట్టినరోజు ఫొటోలకి అది మంచిదే. కొమ్ముకి మాత్రం నీడే ప్రాణం, ఆ నీడని తీసేస్తే ప్లాస్టిక్ బొమ్మలా కనబడుతుంది.

దీనికి విరుగుడు దాదాపు అందరి ఫోన్లలోనూ ఉంది, చాలామంది వాడరు. తెర మీద వస్తువు దగ్గర వేలు పెట్టి కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ అక్కడ తాళం పడతాయి. పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కిందికి జారిస్తే వెలుగు తగ్గుతుంది. కొంగ ఒంటి మీద మెరుపు తెల్లగా పేలిపోకుండా ఉండేంతవరకు తగ్గించాలి. తెర మీద ఫొటో కాస్త చీకటిగా అనిపిస్తుంది, అయినా ఫరవాలేదు. చీకటిగా ఉన్నదాన్ని తరవాత కొంచెం లేపుకోవచ్చు. పేలిపోయిన తెలుపులో మాత్రం ఏమీ మిగలదు, దాన్ని ఏ యాప్ కూడా వెనక్కి తేలేదు.

ఇంకో రెండు సంగతులు కూడా అక్కడే తెలిశాయి. వస్తువు చిన్నదని ఫోన్‌ని ముక్కు దగ్గరదాకా తీసుకెళ్తే కొంగ ముక్కు బారెడు, తల చిటికెడు అవుతుంది. ఫోన్ మెయిన్ కెమెరా వెడల్పుగా చూస్తుంది కాబట్టి దగ్గర ఉన్నది పెద్దదై, దూరంగా ఉన్నది చిన్నదైపోతుంది. రెండడుగులు వెనక్కి జరిగి, రెండింతల జూమ్ పెట్టి తీస్తే బొమ్మ కొలతలు బొమ్మకి ఉంటాయి. రెండోది పోర్ట్రెయిట్ మోడ్. వెనకాల మసకగా ఉంటే బాగుంటుంది కదా అని రొయ్యని అందులో తీశాను. మౌసా రొయ్య మీసాలు ఎంత సన్నగా తీస్తారంటే, ఊపిరి తగిలితే కదులుతాయి. పోర్ట్రెయిట్ మోడ్‌లో మసక నిజమైన లెన్స్ మసక కాదు, వస్తువు అంచు ఎక్కడుందో ఫోన్ ఊహించి మిగతాది మసకబారుస్తుంది. ఆ ఊహలో మీసాలు సగం తెగిపోయాయి. ఆ ఫొటో చూపిస్తే మౌసా చాలాసేపు పరీక్షగా చూసి, "రెండు రోజులు కూకోని తీసిన మీసం బాబూ" అన్నారు. ఆ మాట తరవాత కొమ్ము బొమ్మలకి ఆ మోడ్ మళ్లీ వాడలేదు. వెనకాల రెండు మూడడుగుల దూరంలో ముదురు రంగు గుడ్డ వేలాడదీస్తే ఆ మోడ్ అవసరమే ఉండదు.

యాప్ దగ్గరికి వస్తాను. బరంపురంలో చదువుకుంటున్న మా పెద్దమ్మగారి అమ్మాయి నా ఫొటోలు చూసి, "అన్నయ్యా, ఇన్‌స్టాలో పెడితే రెండు రోజుల్లో కిందికి పోతాయి, విస్కోలో పెట్టి చూడు" అంది. విస్కో 2011లో కాలిఫోర్నియాలో మొదలైంది. పెట్టినవాళ్లు ఇద్దరు, జోయెల్ ఫ్లోరీ, గ్రెగ్ లట్జ్. ఒకరు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, ఇంకొకరు డిజైనర్. మొదట కంప్యూటర్ ఫొటోలకి పాత ఫిల్మ్ రంగులు తెచ్చిపెట్టే ప్రీసెట్లు, అంటే ఒక్క నొక్కుతో పడే రంగుల అమరికలు అమ్మేవారు. 2012లో ఐఫోన్ యాప్, 2013 చివర్లో ఆండ్రాయిడ్ యాప్ వచ్చాయి. ఉచితంగా కొన్ని ప్రీసెట్లు దొరుకుతాయి, డబ్బు కడితే మిగతావి తెరుచుకుంటాయి. నేను ఉచితం వాటితోనే చాలాకాలం నడిపాను. కొత్తగా చేరేవాళ్లు కూడా అలాగే చెయ్యమంటాను. ప్రీసెట్లు ఎక్కువయ్యేకొద్దీ ఫొటో మీద పెట్టాల్సిన చూపు ప్రీసెట్ల మీదికి పోతుంది.

ప్రీసెట్ వేస్తే అది మొదట పూర్తి బలంతో, అంటే పన్నెండు మీద పడుతుంది. దాన్నే మళ్లీ నొక్కితే స్లైడర్ వస్తుంది, బలం తగ్గించుకోవచ్చు. కొమ్ముకి నేను ఎప్పుడూ మూడు, నాలుగు దాటను. అంతకు మించితే నలుపులోకి ఏదో ఒక రంగు దూరుతుంది, కొన్ని ఆకుపచ్చగా, కొన్ని ఊదాగా లాగుతాయి. కొమ్ములో అసలు ఏ రంగుందో చూడండి. వేడికి పలచబడిన చోట తేనె రంగు ఉంటుంది, కొన అడుగున పాల రంగు చారలుంటాయి, మెరుగు పెట్టిన వీపు మీద ఆకాశం నీలంగా పడుతుంది. అన్నీ కలిసి దూరం నుంచి నలుపనిపిస్తాయి. ఆ రంగులన్నీ ఉండగా పైనుంచి ఇంకో రంగు పూత ఎందుకు? అందుకని ప్రీసెట్ కంటే ముందు వైట్ బ్యాలెన్స్ సరిచేస్తాను. ఫ్రేమ్ మూలలో ఒక తెల్ల కాగితం ముక్క పెట్టి ఒక ఫొటో తీసుకుని, ఆ కాగితం నిజంగా తెల్లగా కనబడేదాకా వేడి, చలువ స్లైడర్ జరుపుతాను. తరవాత అదే కొలత మిగతా ఫొటోలకి పెడతాను.

ఒక్క చోటే వెలుగు పెంచాలన్నా తగ్గించాలన్నా స్నాప్‌సీడ్ వాడతాను. నిక్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ 2011లో చేసిన యాప్ అది, 2012లో గూగుల్ కొనుక్కుంది. అందులో సెలెక్టివ్ అని ఒకటుంది. ఫొటోలో కావలసిన చోట చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధి సరిచేసుకుంటే, ఆ రంగు ఉన్న మేరకే మార్పు పడుతుంది. కొంగ కంటి దగ్గర రవ్వంత వెలుగు లేపడానికి ఇంతకంటే సులువైన దారి నాకు దొరకలేదు. అక్కడ పని ముగించి విస్కోలోకి తెస్తాను.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. విస్కోలో ఫొటో పెట్టాక దాని కింద లైకుల అంకె రాదు. కామెంట్లు లేవు. ఎంతమంది ఫాలో అవుతున్నారో పక్కవాళ్లకి కనబడదు. ఇన్‌స్టాగ్రామ్ కూడా 2021లో లైకుల అంకె దాచుకునే వీలు ఇచ్చింది, అయితే అక్కడ ఎవరికి కావాలంటే వాళ్లు దాచుకోవాలి. ఇక్కడ ఆ అంకె పైకి కనబడేదే కాదు. మొదట్లో ఇది నాకు వింతగా ఉండేది. గోడ మీద ఫొటో తగిలించి వచ్చేసినట్టు. ఎవరైనా చూశారా లేదా అని టెన్షన్ కొన్నాళ్లు ఉంటుంది, తరవాత పోతుంది. పోయాక జరిగే మార్పే ముఖ్యం. అంకె ఉన్న చోట జనానికి నచ్చినదాన్ని మళ్లీ తీస్తాం. రాజుగారి ప్యాలెస్ మీద సూర్యాస్తమయం పెడితే మా ఊళ్లో అందరూ లైకు కొడతారు, నాకు తెలుసు. ఒకే కొంగని వారాల తరబడి వేరే వేరే వెలుతుర్లో తీసి పెడుతూ ఉంటే విసుక్కుంటారు. ఇక్కడ విసుగు కనబడదు, మెచ్చుకోలూ కనబడదు, కాబట్టి ఆ కొంగ దగ్గరే ఉండిపోగలిగాను. కొమ్ము గురించి నాకు తెలిసిందంతా ఆ ఉండిపోవడం వల్లే తెలిసింది.

మరి మనుషులు ఎలా తగులుతారు? విస్కోలో మనకి నచ్చిన ఇంకొకరి ఫొటోని మన కలెక్షన్‌లోకి రీపోస్ట్ చెయ్యొచ్చు. ఫొటో తీసినవాళ్ల పేరు దానితోనే వస్తుంది. ఎవరైనా నా ఫొటో అలా తీసుకుంటే నాకు నోటిఫికేషన్ వస్తుంది. వాళ్ల కలెక్షన్ తెరిచి చూస్తాను. అక్కడ నా ఫొటోకి పక్కన ఏమేం ఉన్నాయో చూస్తే, వాళ్లు నా ఫొటోలో ఏం చూశారో తెలుస్తుంది. నా కొంగని ఒకామె తీసుకుంది. ఆమె కలెక్షన్ నిండా నల్ల మట్టి కుండలు, ఇనప బాణళ్లు, వానలో తడిసిన తారు రోడ్లు. ఆమెకి కొంగ అక్కర్లేదు, నలుపు కావాలి. అది చూసి నాకు చాలా సంతోషమేసింది. ఒక్క మాట రాయకుండా నా మనసులో ఉన్నది ఇంకో మనిషికి అందిందని తెలియడం చిన్న విషయం కాదు.

ఆమె కుండల ఫొటోలు రోజూ చూసేవాణ్ణి. ఒక సంగతి నెమ్మదిగా పట్టుబడింది. నిగనిగలాడే నల్లటి వస్తువు మీద వెలుతురు పడినా ఆ వస్తువు కనబడదు, దాని మీద ప్రతిబింబించేది కనబడుతుంది. కుండ వంపు మనకి తెలియాలంటే ఆ వంపు మీద ఒక తెల్లటి గీత పారాలి. ఆమె ప్రతి ఫొటోలోనూ కిటికీ చారో, తెల్ల గుడ్డ ప్రతిబింబమో కుండ అంచు వెంట సన్నగా సాగుతోంది. మర్నాడు మందుల అట్టపెట్టె ఒకటి చింపి, తెల్లవైపు పైకి వచ్చేలా పట్టుకుని మౌసా వసారాకి వెళ్లాను. కొంగకి ఎడమ పక్కన ఆ అట్ట నిలబెట్టాను. మెడ వంపు మొదలు నుంచి తోక కొన దాకా ఒక వెండి గీత వచ్చింది. అట్టని బెత్తెడు దూరం జరిపితే గీత సన్నబడింది, దగ్గరికి తెస్తే వెడల్పయింది. ఇన్నాళ్లూ వెలుగు పెంచాలా తగ్గించాలా అని చూస్తున్నాను, చూడాల్సింది ఆ గీతని. మౌసా పని ఆపి ఫోన్‌లోకి చూశారు. "ఇదీ మెరుగంటే. అరగదీసినోడికి ఆ గీత ఎక్కడ ఇరుగుతాదో తెలస్తాది. ఇరిగితే అక్కడ ఇంకా పని ఉన్నట్టు" అన్నారు. నిజంగానే రొయ్య వీపు మీద ఒకచోట గీత వంకర పోయింది. ఆయన ఫొటోలో ఆ చోటు చూసి, రొయ్యని తీసుకుని మళ్లీ అరగదీశారు.

ఆ కుండలామెకి మెసేజ్ పెట్టాను, నా ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా. ఆమె వాడేది కూడా పాత ఫోనే. వెలుతురు ఎప్పుడూ పక్కనుంచో వెనకనుంచో రానిస్తుందట, ముందునుంచి రానివ్వదట. ఫ్లాష్ జన్మలో వెయ్యలేదట. తను నన్ను ఒకటడిగింది, ఆ కొమ్ము ఏ జంతువుదని. ఇంకొందరు కూడా అదే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జింక, దుప్పి కొమ్ముల వ్యాపారం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద మన దేశంలో నిషేధం. మా ఊరి పని పశువుల కొమ్ముతోనే. అప్పటినుంచి ప్రతి ఫొటో కింద గేదె కొమ్ము అని, పర్లాకిమిడి అని, చేసినవారి పేరూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తున్నాను. తెలుగు రాత ఎవరు చదువుతారని అడిగినవాళ్లున్నారు. నేను చూసే ఊరు నాకు తెలుగులో కనబడుతుంది, అందుకే రాస్తాను.

ఒక చేదు విషయం కూడా చెప్పాలి. వస్తువులు అమ్మే ఒక పేజీలో నా దువ్వెన ఫొటో కనబడింది. వాళ్లు అమ్మేది వేరే దువ్వెన, ఫొటో మాత్రం మౌసా దువ్వెనది. నాకు కోపం వచ్చింది ఫొటో గురించి కాదు. మనిషి చేతి పనిని చూపించి యంత్రం సరుకు అమ్మడం మోసం. మన చట్టంలో ఫొటో మీద హక్కు తీసినవాళ్లదే, తీసినవాళ్లు బతికున్నన్నాళ్లూ, వాళ్లు పోయిన తరవాతి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లూ ఉంటుంది. ఆ మాట రాసి, అసలు ఫొటో, తీసిన తేదీ పంపాను. కొన్నాళ్లకి తీసేశారు. మీరు కూడా ఒరిజినల్ ఫైలు ఎప్పుడూ తుడిచెయ్యకండి. ఎడిట్ చేసినది ఎవరి దగ్గరైనా ఉంటుంది, తీసినప్పటి ఫైలు తీసినవాడి దగ్గరే ఉంటుంది.

విస్కోలో ఆ మధ్య స్పేసెస్ అని ఒక సదుపాయం పెట్టారు. కొందరు కలిసి ఒకే గ్యాలరీలో ఫొటోలు పెట్టుకోవచ్చు, అక్కడ మాత్రం మాటలు రాసుకోవచ్చు. మా చెల్లి ఒకటి తెరిచి నన్నూ, గుణుపురంలో టీచరుగా చేస్తున్న మిత్రుణ్ణీ, పాతపట్నం నుంచి ఒకమ్మాయినీ, రాయగడలో ఇంకో ఇద్దరినీ పిలిచింది. అందరం సరిహద్దు మనుషులమే. ఒక నియమం పెట్టుకున్నాం, బాగుంది అని ఊరికే రాయకూడదు. ఏది బాగుందో, ఎక్కడ కన్ను ఆగిందో రాయాలి. టీచరు మిత్రుడు సవర ఊళ్లలో గోడల మీద వేసే బొమ్మల్ని తీస్తాడు. ఇంటివాళ్లని అడక్కుండా, ఆ బొమ్మ ఎవరికోసం వేశారో తెలుసుకోకుండా ఫొటో తియ్యడు, పూజ జరిగే బొమ్మలైతే పెట్టనే పెట్టడు. అతని దగ్గర నేను నేర్చుకున్నది కెమెరా పని కంటే ఎక్కువ. పాతపట్నం అమ్మాయి మహేంద్రతనయ నది ఒడ్డున బట్టలుతికేవాళ్ల చేతులు తీస్తుంది, ముఖాలు తియ్యదు. నా ఫొటోల మీద అందరికంటే గట్టిగా మాట్లాడేది ఆమే. "బొమ్మ ఒక్కటే ఉంది, చేసిన చెయ్యి ఏదండీ?" అని రాసింది. అప్పటిదాకా నేను బొమ్మలే తీశాను. ఆ ప్రశ్న తరవాత మౌసా చేతులు వచ్చాయి. బొటనవేలి గోరు కింద ఇరుక్కున్న కొమ్ము పొడి, ఆకురాయి పట్టుకుని కాయ కాసిన చూపుడువేలు. నా ఫొటోల్లో నాకు బాగా నచ్చినవి అవే.

ఫొటోల్ని కాగితం మీదికి తేవడం ఇంకో పెద్ద పని. మౌసీ అడిగారు, ఫోన్‌లో కాదు చేతికి ఇమ్మని. ఒక ల్యాబ్‌కి పంపితే అన్నీ బొగ్గులా వచ్చాయి, వెండి గీత తప్ప ఏమీ లేదు. కారణం తరవాత తెలిసింది. ఫోన్ తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం గదిలో ఉన్న వెలుతురునే వెనక్కి ఇస్తుంది. తెర వెలుగు సగానికి తగ్గించి చూసుకుంటూ, నీడల్ని కొంచెం లేపి, ముందు చిన్న సైజులో ఒక్కటి వేయించి చూసుకోవాలి. నలుపు లోతుగా రావాలంటే గ్లాసీ కాగితమే మేలు, మ్యాట్ మీద నలుపు కాస్త వెలుస్తుంది. పన్నెండు మెగాపిక్సెల్ ఫొటో అంటే 4000 చుక్కలు అడ్డం, 3000 నిలువు. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల లెక్కన 3508, 2480 సరిపోతాయి. కాబట్టి కత్తిరించకుండా ఉంటే మామూలు ఫోన్ ఫొటో ఏ4కి హాయిగా సరిపోతుంది. ల్యాబ్‌కి వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. రెండోసారి వచ్చిన ప్రింట్లు మౌసీ అందరికీ చూపించారు. మౌసాకి మాత్రం ఒక కోరిక మిగిలింది. "కొనేవోళ్లు ఎంత పొడుగని అడుగుతారు బాబూ, పక్కన ఏదైనా పెట్టి తియ్యి" అన్నారు. ఇప్పుడు ప్రతి బొమ్మకీ ఒక ఫొటో చేతిలో పట్టుకుని ఉన్నది కూడా తీస్తాను. అందం ఫొటో వేరు, అమ్మకం ఫొటో వేరు, రెండూ అవసరమే.

ఆ ప్రింట్లు చూశాకే వాళ్లబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. పగలు మొబైల్ రిపేర్ షాపులో పని, సాయంత్రం తండ్రి దగ్గర దువ్వెనలు కోస్తాడు. "అన్నా, ఆ యాప్ నా ఫోన్‌లో కూడా వేసి చూపించు" అన్నాడు. వేశాను. తాళం వెయ్యడం, సూర్యుణ్ణి కిందికి జార్చడం, అట్ట పట్టుకోవడం చూపించాను. అతను ఇంకా మెరుగు పెట్టని ఒక పలచటి కొమ్ము రేకుని తీసుకుని, వసారా బయటికి నడిచి, ఆకాశం వైపు ఎత్తిపట్టుకుని తీశాడు. అందులో నేను ఎన్నడూ చూడనివి ఉన్నాయి. లోపల పొరలు పొరలుగా పసుపు, గోధుమ, నల్లటి చారలు, ఒక పక్కన సన్నటి చీలిక. "ఈ చీలిక ఉన్నదాన్ని దువ్వెనకి వాడం, పళ్లు ఇరిగిపోతాయి. వెలుతురు మీద పెట్టి చూసే ఏరుతాం" అన్నాడు. కొమ్ముని నేను బయటినుంచి చూస్తున్నాను, అతను లోపలినుంచి చూస్తున్నాడు. ఆ ఫొటోని స్పేస్‌లో పెట్టమన్నాను. కుండలామెకి లింకు పంపితే వెంటనే తన కలెక్షన్‌లో పెట్టుకుంది.

మా స్పేస్‌లో కొమ్ము ఫొటోలు ఇప్పుడు అతనే పెడతాడు. వేడి చేస్తున్నప్పుడు, కోస్తున్నప్పుడు, విరిగినప్పుడు కూడా తీస్తాడు. తండ్రి పని ఆపమన్నప్పుడే ఆపుతాడు. నేను రైలు ఫొటోల మీద పడ్డాను. నౌపడా నుంచి మా ఊరికి 1900లో ఇరుకు పట్టాల చిన్న రైలు వచ్చింది, తరవాత గుణుపురం దాకా పొడిగించారు, 2011 నుంచి అదే దారిలో వెడల్పు పట్టాల పెద్ద రైలు నడుస్తోంది. కిటికీ పక్క సీటు దొరికితే అద్దం మీద ప్రతిబింబాలతో మళ్లీ అదే తిప్పలు. పాతపట్నం అమ్మాయి అప్పుడే రాసింది, ప్రయాణం చేసేవాళ్లు ఏరండీ అని.